మీకు తెలుసా? మంచుబొట్టులో మిరపచేను!

గుంటూరు పక్కనే ఉన్న నల్లపాడు చేలలో పుష్యమాసపు పొద్దున మిరపాకు కొసన వేలాడే మంచుబొట్టు చిన్న కటకంలా పనిచేస్తుంది. కెమెరాతో బాగా దగ్గరగా వెళ్లి బొట్టు మీదే ఫోకస్ పెడితే, వెనకున్న చేనంతా అందులో తలకిందులుగా కనిపిస్తుంది: ఆకాశం కింద, ఎర్రటి పండుమిరపకాయలు పైన! ఎంత చూసినా తనివితీరదు. 1885లో సూక్ష్మదర్శినికి కెమెరా బిగించి హిమ స్ఫటికాలను ఫొటో తీసిన అమెరికా రైతు విల్సన్ బెంట్లీ మంచుబొట్లనూ వదల్లేదు.

రాత్రి మబ్బులేక, గాలి ఆడకపోతే నేల త్వరగా చల్లబడి మంచు దట్టంగా కురుస్తుంది. ఎండెక్కితే ఆరిపోతుంది, పొద్దుపొడుపుకే చేలో ఉండాలి. ఆ వేళ చేను మీద పొగమంచు కూడా కమ్మితే, దాని తెలుపును కెమెరా బూడిదరంగులో చూపిస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచండి.