కంప్యూటరు వచ్చినా కదలని బల్ల

భవానీపురంలోని మా సంఘ సహోదరుడొకడు రెండు సెంట్ల ఇంటి స్థలం కొనుక్కొని, రిజిస్ట్రేషను రోజున నన్ను తోడు రమ్మన్నాడు. ఆఫీసులో ఫొటో, వేలిముద్ర అన్నీ యంత్రం మీదనే. అయినా మేము ముందుగా వెళ్ళినది ఎదుట బల్ల వేసుకొన్న దస్తావేజు లేఖరి దగ్గరకే.

"ఆన్‌లైనులో మనమే తయారు చేసుకోవచ్చునట గదా, ఈయనకు డబ్బు ఎందుకయ్యా?" అన్నాను.

"హద్దులు తప్పుపడితే నా పిల్లలు కోర్టుల చుట్టూ తిరగాలండీ అయ్యగారూ. అడగడానికి ఒక మనిషి ఉండాలి గదా" అన్నాడు.

మన రాష్ట్రంలో 1998 నవంబరు 4న 'కార్డ్' పథకం క్రింద రెండు వందలకు పైగా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులలో కంప్యూటర్లు పెట్టారు. అంతకు ముందు ప్రతి దస్తావేజును గుమాస్తాలు పెద్ద పుస్తకాలలోనికి చేతితో ఎక్కించేవారు. ఈసీ కావాలంటే ఏండ్ల తరబడి సూచికలు తిరగవేయాలి. రోజులు పట్టే ఆ పని నిమిషాలలోనికి వచ్చింది. ఇది చిన్న మేలు కాదు. స్థలం విలువ, స్టాంపు సుంకం యంత్రమే లెక్క కడుతుంది గనుక ఇక మధ్యవర్తితో పని ఉండదని తలంచారు.

లేఖరి మాత్రం పోలేదు. ఎందుకు? 1984లో కరణాల వ్యవస్థ రద్దయిన తరువాత, భూమి కాగితం విప్పి చెప్పే మనిషి పల్లెవానికి కరువయ్యాడు. ఆ చోటును చాలా వరకు లేఖరే నింపాడు. లోపల అధికారికి కూడా తెలిసిన చేతి వ్రాత, తెలిసిన పద్ధతి అంటేనే ధైర్యం. తప్పు దొర్లితే సంజాయిషీ చెప్పవలసినది ఆయనే, కంప్యూటరు కాదు. యిర్మీయా అనాతోతులో పొలం కొన్ననాడు సైతం క్రయపత్రానికి సాక్షులున్నారు, దానిని భద్రం చేయడానికి బారూకు ఉన్నాడు.

ఇంకొక వింత. కలం పోతే లేఖరి పోతాడనుకొంటే, ఆయనే కంప్యూటరు కొన్నాడు! మేము వెళ్ళిన చోట తండ్రి చెబుతుంటే కుమారుడు టైపు చేస్తున్నాడు. నిజానికి చేస్తున్నది, పాత దస్తావేజు ఒకటి తెరిచి పేర్లు మార్చడమే. చేతితో వ్రాసే రోజులలో ప్రతి మాటా కంటి క్రిందికి వచ్చేది.

"ఒకసారి పైకి చదవండి బాబూ" అన్నది మా సహోదరుని భార్య. ఆమె నాలుగవ తరగతి చదివింది. తూర్పు, దక్షిణం, పడమర సరిపోయాయి.

"ఉత్తరం ఎవరిదో రైసుమిల్లు అంటున్నారేమిటండీ? మాకు అటు మునిసిపల్ రోడ్డు గదా!"

కుమారుడు నాలుక కరచుకొన్నాడు. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకొని, కాగితం మొదటి నుండి మళ్ళీ తానే చదవనారంభించాడు.