పాతిక లక్షల కార్డులో లేని పరీక్ష

వాయల్పాడులో 52 ఏళ్ల టమాటా రైతు ఒకాయన ఉన్నాడనుకుందాం. బోర్డుల మీద వాల్మీకిపురం అని రాసినా ఊళ్లో చాలామంది నోట వచ్చేది పాత పేరే. ఆయన ఇంట్లో రేషన్ కార్డు ఉంది, వైద్యసేవ కార్డు ఉంది. రేపు ఆయనకు పెద్దపేగు కాన్సర్ అని తేలితే నెట్‌వర్క్ ఆసుపత్రిలో చేరవచ్చు. ఆపరేషన్‌కూ కీమోథెరపీకీ, అవసరమైతే రేడియేషన్‌కూ ప్రభుత్వమే కడుతుంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఈ పథకం ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మార్చుకుని ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. చికిత్స పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షల రూపాయలకు పెంచారు. పేద కుటుంబానికి ఇది చిన్న అండ కాదు. పొలం అమ్ముకోకుండా ఆపరేషన్ చేయించుకున్న ఇళ్లు ఈ పథకం పుణ్యాన ఎన్నో ఉన్నాయి.

ఇప్పుడు అదే రైతుకు నొప్పి లేదు, రక్తం పడటం లేదు, ఆకలి బాగుంది. కానీ వాళ్ల నాన్న ఇదే జబ్బుతో పోయాడు. నాకూ వస్తుందేమో, ఒకసారి చూపించుకుందాం అనుకున్నాడు. ఆ కార్డు పట్టుకుని ఎక్కడికి వెళ్లాలి? జబ్బుకు రాసిపెట్టిన ప్యాకేజీలున్నాయి గానీ, ఏ బాధా లేని మనిషి పేగును పరీక్షించడానికి రాసిపెట్టిన దారి లేదు. ఎందుకు లేదో, ఉండాలంటే ఏం చేయాలో చూద్దాం.

ముందు జబ్బు స్వభావం తెలియాలి. పెద్దపేగు లోపలి గోడ మీద చిన్న కండ పెరుగుతుంది. దాన్ని డాక్టర్లు పాలిప్ అంటారు. చాలా పాలిప్‌లు ఏ హానీ చేయవు. కొన్ని మాత్రం నెమ్మదిగా, సుమారు పదేళ్ల కాలంలో, కాన్సర్‌గా మారతాయి. ఈ పదేళ్ల గడువే మనకు దొరికిన అవకాశం. కొలనోస్కోపీలో కెమెరా గొట్టం పేగులోకి పంపి చూస్తారు. పాలిప్ కనబడితే అదే గొట్టం గుండా పంపిన సన్నని తీగ ఉచ్చుతో అక్కడికక్కడే తీసేస్తారు. అంటే కాన్సర్‌ను తొందరగా పట్టుకోవడమే కాదు, పుట్టకుండానే ఆపవచ్చు. కాన్సర్లలో ఇలాంటి వీలున్నవి చాలా తక్కువ.

అందరికీ కొలనోస్కోపీ చేయక్కర్లేదు. మొదటి మెట్టుగా మలపరీక్ష ఉంది. దాని పేరు ఫిట్. చిన్న పుల్లతో మలం తాకించి గొట్టంలో పెట్టి ఇస్తే కంటికి కనబడనంత రక్తం ఉన్నా తేలుతుంది. పూర్వపు రసాయన పరీక్షకు ముందు మాంసం మానాల్సి వచ్చేది. ఫిట్ మనిషి రక్తాన్ని మాత్రమే గుర్తిస్తుంది కాబట్టి పథ్యం అవసరం లేదు. పరగడుపున రానక్కర్లేదు, ఇంట్లోనే నమూనా తీసుకోవచ్చు. అయ్యే ఖర్చు కొన్ని వందలు. ఫలితం పాజిటివ్ వచ్చినంత మాత్రాన కాన్సర్ ఉన్నట్టు కాదు. మొలల వల్లా కావచ్చు, పుండు వల్లా కావచ్చు. అది తేల్చుకోవడానికి అప్పుడు కొలనోస్కోపీ చేయాలి.

డబ్బు లెక్క అర్థం కావాలంటే ఒక తేడా పట్టుకోవాలి. రక్తం పడుతోందని వచ్చిన మనిషికి చేసేది రోగనిర్ధారణ. ఏ లక్షణమూ లేని మనిషికి చేసేది స్క్రీనింగ్. గొట్టం అదే, గది అదే, డాక్టరూ ఆయనే. కానీ డబ్బు కట్టేవాళ్లు మాత్రం మనిషి ఎందుకు వచ్చాడనే చూస్తారు.

కేంద్రం 2018 సెప్టెంబరులో మొదలుపెట్టిన ఆయుష్మాన్ భారత్ పీఎంజేఏవై కుటుంబానికి ఏటా 5 లక్షల వరకు ఇస్తుంది. అదీ ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికే. చేరడానికి ముందు 3 రోజులు, బయటికొచ్చాక 15 రోజుల ఖర్చు అందులో కలుస్తుంది. చేరకుండా బయటి రోగిగా చేయించుకునే పరీక్షలు దాని కిందికి రావు.

బ్యాంకులోనో ఏజెంటు దగ్గరో కొన్న ప్రైవేటు బీమా సంగతీ అంతే. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకే తీరుగా నిర్దేశించిన మినహాయింపుల్లో 04 నంబరుది చదవండి. కేవలం పరీక్షల కోసం ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు చెల్లించరని ఉంటుంది. కొన్ని పాలసీలు ఏడాదికోసారి హెల్త్ చెకప్ ఇస్తాయి. అవి సాధారణంగా రక్తపరీక్షలు, ఈసీజీ దగ్గరే ఆగిపోతాయి. ఆదాయపు పన్ను చట్టం కింద ముందస్తు ఆరోగ్య పరీక్షలకు 5,000 రూపాయల వరకు మినహాయింపు చూపించుకునే వీలు పాత పన్ను విధానంలో ఉంది. మదనపల్లెలో పనిచేసే టీచరుకు అది కొంత పనికొస్తుంది. పన్నే కట్టనక్కర్లేని రైతుకూ, రైతుకూలీకీ దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక మిగిలింది జబ్బు లేనివాళ్లను వెతుక్కుంటూ వెళ్లే ప్రభుత్వ కార్యక్రమం. అది ఉంది, నడుస్తోంది కూడా. బీపీ, షుగర్‌తోపాటు నోటి కాన్సర్, రొమ్ము కాన్సర్, గర్భాశయ ముఖద్వార కాన్సర్‌లకు 30 ఏళ్లు దాటినవారిని పరీక్షించాలని కేంద్రం 2016లో విధివిధానాలు ఇచ్చింది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ప్రశ్నలు అడుగుతుంది, ఏఎన్ఎమ్ పరీక్షకు పిలుస్తుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరు నుంచి ఇంటింటికీ చేపట్టిన కాన్సర్ పరీక్షలూ ఈ మూడింటికే. పెద్దపేగు ఆ జాబితాలో లేదు.

ఇది నిర్లక్ష్యం వల్ల మాత్రమే జరిగిందని నేననను. ఆ మూడింటినీ నర్సు ఒక టార్చిలైటుతో, చేతి స్పర్శతో, కాస్త ఎసిటిక్ ఆసిడ్‌తో పల్లెలోనే పరీక్షించగలదు. పైగా మన దేశంలో అవి ఎక్కువ. పెద్దపేగు, పురీషనాళ కాన్సర్లు 2022లో ప్రపంచంలో సుమారు 19 లక్షల మందికి వచ్చాయని, 9 లక్షల మంది చనిపోయారని అంతర్జాతీయ అంచనా. అందులో భారతదేశపు కొత్త కేసులు 70 వేల దగ్గర. ప్రపంచ జనాభాలో ఆరో వంతుకు పైగా ఉన్న దేశంలో కేసులు నూటికి నాలుగు కూడా లేవు. ఈ పరిస్థితిలో 45 దాటిన అందరినీ పరీక్షిస్తామంటే పాజిటివ్ వచ్చినవాళ్లలో కాన్సర్ లేనివాళ్లే ఎక్కువ తేలతారు. వాళ్లందరికీ కొలనోస్కోపీ చేయాలి. ఆ గొట్టం పట్టగల డాక్టర్లు పెద్ద ఊళ్లలోనే ఉన్నారు. రక్తం పడుతూ వచ్చిన మనిషి ఆ క్యూలో వెనక్కి జరిగిపోతాడు. కాబట్టి వయసును బట్టి అందరినీ పరీక్షించే అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ పెట్టమని అడగడం సరికాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్లు తమ దగ్గరికి వచ్చిన 800 మంది పెద్దపేగు, పురీషనాళ కాన్సర్ రోగుల వివరాలను 2017లో ప్రచురించారు. సగటు వయసు 47 ఏళ్లు. 50 ఏళ్లకు పరీక్ష అనే నియమం పెడితే వీళ్లలో ఎంతోమంది దాని బయటే ఉండిపోతారు. పైగా మన దగ్గర రోగులు ఆలస్యంగా వస్తారు. రక్తం పడితే వేడి చేసిందిలే అనుకుంటారు, మొలలేలే అనుకుంటారు. మందుల షాపులో ఏదో ఒకటి తెచ్చుకుని నెలలు గడిపేస్తారు. సిగ్గు ఒకవైపు, ఖర్చు భయం ఇంకోవైపు. వయసు ఒక్కటే చూసుకుని చేసే స్క్రీనింగ్ వీళ్లను ఆదుకోదు.

ఖర్చంటే పరీక్ష ఫీజు ఒక్కటే కాదు. ప్రైవేటులో కొలనోస్కోపీకి వేలల్లో అవుతుంది, నిజమే. దానికి ముందురోజు ద్రవాహారంతోనే ఉండాలి, పేగు శుభ్రపడటానికి ఇచ్చిన మందునీళ్లు తాగాలి, పదేపదే మరుగుదొడ్డికి వెళ్లాలి. పరీక్ష రోజు మత్తు ఇస్తే వెంట ఒక మనిషి ఉండాలి. వాయల్పాడు నుంచి పీలేరు మీదుగా తిరుపతికి బస్సులో పోయి రావాలంటే ఇద్దరి కూలి పోతుంది, చార్జీలు, బస అదనం. కోత సమయమైతే ఆ రోజు కాయ మదనపల్లె మార్కెట్టుకు చేరదు. పరీక్ష ఉచితం అని ప్రకటించి ఇవన్నీ వదిలేస్తే రావలసినవాళ్లు రారు.

ధనిక దేశాలే ఈ పని చేయగలవన్న మాట నిలవదు. థాయిలాండ్ 2011లో లాంపాంగ్ అనే ఒక్క ప్రావిన్సులో ఫిట్ పరీక్ష పెట్టి చూసింది. ఎంతమంది వస్తారు, ఎందరికి పాజిటివ్ వస్తుంది, ఉన్న డాక్టర్లతో కొలనోస్కోపీలు సాగుతాయా అని లెక్క చూసుకుని తర్వాత దేశమంతటికీ విస్తరించింది. జపాన్ 1992 నుంచే 40 దాటినవారికి మలపరీక్ష చేస్తోంది.

అమెరికా అనుభవం మనకు వేరే పాఠం చెబుతుంది. అక్కడ 2010 నాటి చట్టం ప్రకారం స్క్రీనింగ్‌కు రోగి చేతినుంచి పైసా తీసుకోకూడదు. కానీ పెద్దవయసువారికి అక్కడి ప్రభుత్వం నడిపే బీమా మెడికేర్‌లో ఉన్న పెద్దవాళ్లు ఉచిత పరీక్ష అని వెళ్లేవారు. డాక్టరుకు పాలిప్ కనబడి తీసేసేవాడు. తీసేయగానే అది స్క్రీనింగ్ కాకుండా చికిత్స అయిపోయి, ఇంటికి బిల్లు వచ్చేది. దీన్ని సరిచేయడానికి 2020 డిసెంబరులో చట్టం తెచ్చారు. రోగి వాటా మెల్లమెల్లగా తగ్గి 2030కి పూర్తిగా పోతుంది. మలపరీక్ష పాజిటివ్ వచ్చాక చేసే కొలనోస్కోపీని కూడా ఉచిత స్క్రీనింగ్‌లో భాగంగా మెడికేర్ లెక్కించింది 2023లోనే. మొదటి మెట్టు ఉచితం చేసి రెండో మెట్టు దగ్గర డబ్బు అడిగితే ఆ మొదటి మెట్టుకు పెట్టిన ఖర్చూ వృథా అని వాళ్లు గ్రహించడానికి ఇన్నేళ్లు పట్టింది.

మరి మన దగ్గర ఏం చేయవచ్చు? అన్నిటికంటే ముందు, లక్షణాలున్నవారి సంగతి. మలంలో రక్తం, కొన్ని వారాలుగా మారిన విరేచనాల తీరు, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గడం, వీటిలో ఏది ఉన్నా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు చీటీ రాస్తే కొలనోస్కోపీ ఉచితంగా జరగాలి. ఫలితంలో కాన్సర్ లేకపోయినా సరే. కాన్సర్ తేలితేనే ఖర్చు పథకానిది, లేదని తేలితే రోగిది అన్న పరిస్థితి ఎక్కడా రాకూడదు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి అడిగే ప్రశ్నల్లో మలంలో రక్తం గురించి స్పష్టంగా ఒక ప్రశ్న ఉండాలి.

తర్వాత రక్తసంబంధీకులు. తల్లికో తండ్రికో, తోబుట్టువుకో ఈ కాన్సర్ వస్తే మిగతావారికి ముప్పు సుమారు రెట్టింపు. అలాంటివారు 40 ఏళ్లకు, లేదా ఇంట్లో జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. వీళ్లను వెతకడానికి కొత్త సర్వే అక్కర్లేదు. ఈ కాన్సర్ ఆపరేషన్లకు ఏళ్లుగా డబ్బు కడుతూ వచ్చింది వైద్యసేవను నడిపే ట్రస్టే. ఎవరికి, ఏ ఊళ్లో, ఏ వయసులో కట్టిందో దాని లెక్కల్లోనే ఉంటుంది. రోగి అనుమతి తీసుకుని ఆ ఇంటికి ఏఎన్ఎమ్‌ను పంపి అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను, పిల్లలను పిలిపించవచ్చు. సంఖ్య తక్కువ, అవసరం ఎక్కువ, ఖర్చు అదుపులో ఉంటుంది. పెట్టే ప్రతి రూపాయికీ ఇంతకంటే ఎక్కువ ఫలితమిచ్చే మొదలు నాకు కనబడటం లేదు.

ఆ తర్వాతే 50 దాటినవారికి ఫిట్. అదీ ఒక ప్రాంతంలో, లాంపాంగ్ తరహాలో. కుప్పంలో 2025లో టాటా సంస్థల సాయంతో డిజిటల్ నర్వ్ సెంటర్ తెరిచారు. రోగుల వివరాలను ఒకచోట చేర్చి వెంటపడి వైద్యం అందించాలన్నది దాని ఉద్దేశం. పాజిటివ్ వచ్చిన మనిషి కొలనోస్కోపీ దాకా వెళ్లాడా, మధ్యలో ఆగిపోయాడా అని చూసేవాళ్లు లేకపోతే ఫిట్ పథకం పనిచేయదు. అలాంటి ఏర్పాటు ఒకటి ఉన్నచోటే మొదలుపెట్టడం న్యాయం. కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఉంది. తిరుపతిలో స్విమ్స్ ఉంది, 2022 మే నెలలో ప్రారంభమైన టాటా ట్రస్టుల కాన్సర్ ఆసుపత్రి ఉంది.

జబ్బు పైకి కనబడని మనిషిని వెతుక్కుంటూ వెళ్లడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ శానిటోరియంలో పనిచేసిన డెన్మార్క్ డాక్టర్ ఫ్రీమాట్ మోలర్ బృందం 1950 నుంచి 1955 వరకు చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటి జనాభా లెక్క రాసుకుంది. ఊళ్లకే వెళ్లి ఎక్స్‌రేలు తీసింది, దగ్గు లేనివారిని కూడా పిలిచి పరీక్షించింది. ఆ అధ్యయనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పత్రికలో 1960లో ప్రచురించింది. ఆనాడు పల్లెలకు సరైన రోడ్లు లేవు, ఫోన్లు లేవు. ఇవాళ ప్రతి ఊరికీ ఆశా కార్యకర్త ఉంది, 104 వాహనం వస్తోంది.

పథకం మారేదాకా వాయల్పాడులోనో పుంగనూరులోనో ఉన్న మనిషి చేయగలిగిందీ కొంత ఉంది. రక్తం పడితే మందుల షాపుకు కాకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. రక్తం ఎన్నాళ్లుగా పడుతోందో, ఇంట్లో ఎవరికి ఏ వయసులో ఈ కాన్సర్ వచ్చిందో డాక్టరుకు చెప్పి, ఆ రెండూ చీటీలో రాయించుకోండి. పెద్దాసుపత్రికి వెళ్లాక పరీక్షకు ముందే అక్కడి వైద్యసేవ కౌంటరులో ఉండే ఉద్యోగిని కలిసి, ఏ ఖర్చు పథకం భరిస్తుందో, ఏది చేతినుంచి పెట్టాలో అడిగి తెలుసుకోండి. ప్రైవేటు పాలసీ ఉన్నవారు కొలనోస్కోపీకి డేట్ తీసుకునే ముందే కంపెనీకి ఫోన్ చేసి, పాలిప్ తీయాల్సి వస్తే డే కేర్ కింద చెల్లిస్తారా అని అడిగి, జవాబును ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు వచ్చి ఉంటే ఆ సంగతి తోబుట్టువుల దగ్గర దాచకండి, వాళ్ల పరీక్ష ఎప్పుడు మొదలవ్వాలో జబ్బు బయటపడిన వయసును బట్టే లెక్కకట్టాలి.