చిన్నత్తగారి మడత సైకిలు



ఇంట్లో పాత కుట్టుమిషనో, పాత గ్రైండరో ఉంటే మనం ఏం చేస్తాం? బాగుచేయించి వాడుకుంటాం, లేదా పాత సామాన్లవాడికి వేసేస్తాం. రెండింటికీ మనసొప్పకపోతే అటక మీదికి ఎక్కిస్తాం. మా ఇంట్లో ఓ పాత సైకిలు అటక దాకా వెళ్ళి తిరిగొచ్చింది. దాని సంగతే ఈవేళ మీతో చెబుతాను. సైకిలంటే మగపిల్లల వ్యవహారం కదా అని రేడియో కట్టెయ్యకండి. ఇందులో మనకు పనికొచ్చే మాటలు నాలుగున్నాయి.

మా చిన్నమామగారు వైద్యులు. ఉద్యోగరీత్యా ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో స్థిరపడ్డారు. మా చిన్నత్తగారు 1976లో అక్కడ ఒక మడత సైకిలు కొనుక్కున్నారు. చీర కట్టుకునే దాని మీద బజారుకు వెళ్ళేవారట. ఇప్పుడు డెబ్భై దాటాయి, మోకాళ్ళు సహకరించటం లేదు. కిందటేడు మేము చూడటానికి వెళ్తే, “నువ్వు తొక్కుతానంటే తీసుకుపోవే అమ్మాయ్, ఊరికే పెట్టుకుంటానంటే మాత్రం ఇవ్వను” అన్నారు. తొక్కుతానని మాటిచ్చి, అట్టపెట్టెలో కట్టించి విజయవాడ తెచ్చుకున్నాను.

ముందు ఈ సైకిలు పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో చెబుతాను. రాలీ పేరు మన పెద్దవాళ్ళందరికీ తెలిసిందే. 1950లలో బెంగాల్‌లోని అసన్‌సోల్‌లో కూడా ఆ సైకిళ్ళు తయారయ్యాయి. అసలు రాలీ అన్నది నాటింగ్‌హామ్‌లో ఒక వీధి పేరు. ఆ వీధిలోని చిన్న దుకాణం 1888 ప్రాంతంలో ఫ్రాంక్ బౌడెన్ అనే ఆయన చేతికి వచ్చి, పెద్ద కర్మాగారమైంది. 1962లో అలెక్స్ మౌల్టన్ అనే ఇంజనీరు చిన్న చక్రాల సైకిలు తెచ్చేసరికి అది అక్కడ కొత్త వేడుక అయింది. దానికి పోటీగా రాలీవారు 1965లో 16 అంగుళాల చక్రాలతో ఒకటి తీశారు. లావుపాటి మెత్తని టైర్లవల్ల అది బరువుగా నడిచేది. తరవాత 1968లో 20 అంగుళాల చక్రాలతో ‘ట్వంటీ’ వచ్చింది. 1971లో దానికే నడుము దగ్గర బందు పెట్టి మడత సైకిలు చేశారు. 1980ల నడిమిదాకా అవి తయారయ్యాయి. నాటింగ్‌హామ్‌లో రాలీ సైకిళ్ళ తయారీ 2002లో ఆగిపోయింది. కనుక ఇలాంటి బండి కావాలంటే ఎవరో ఒకరు వాడిందే దొరుకుతుంది.

దీని రూపం చెబుతాను. మగవాళ్ళ సైకిలుకుండే పై గొట్టం దీనికి లేదు. కింద ఒకే ఒక లావుపాటి గొట్టం. అందువల్ల కాలు పైకెత్తి తిప్పనక్కరలేదు, గుమ్మం దాటినట్టు దాటి ఎక్కి కూర్చోవచ్చు. చైనుకు రేకు తొడుగుంది. వెనక గట్టి క్యారియరుంది. గొట్టం మధ్యలో బందు, దాన్ని బిగించే పిడి ఉన్నాయి. పిడి విప్పితే సైకిలు రెండు భాగాలుగా పక్కకు మడత పడుతుంది. మడత అన్నానని చేతిసంచీలా ఊహించుకోకండి. మా తూకంలో పదహారు కిలోలు దాటింది. మడిచాక తనంతట తాను నిలవదు, విచ్చుకుపోతూ ఉంటుంది. నేనైతే పాత లంగా నాడాతో కట్టేస్తాను. మెట్లకింద మూలలోనో, కారు డిక్కీలోనో పెట్టుకోవటానికి ఈ మడత పనికొస్తుంది. రోజూ చంకనేసుకుని మూడంతస్తులు ఎక్కుదామంటే మాత్రం కుదరదు.

ఇక నా ప్రతాపం వినండి. వచ్చిన వారంలోనే గేరు వైరు తెగింది. దగ్గర్లోని ఒక దుకాణంలో కొత్త వైరు వేయించి, పున్నమ్మతోటలో రికార్డింగుకు బయల్దేరాను. కాలవ వంతెన ఎక్కుతూ సీటు మీంచి లేచి బలంగా తొక్కానా, పెడలు ఒక్కసారిగా గాలిలో తిరిగినట్టు జారిపోయింది. నేను రోడ్డు మీద పడ్డాను. మణికట్టు ఎముక చిట్లి ఆరు వారాలు కట్టు. ఎడమచెయ్యి కాబట్టి గరిటె తిప్పగలిగాను గానీ, వెనక బస్సేదైనా ఉంటే ఏమయ్యేదో! “ఈ వయసులో నీకిదేం సరదా?” అని మావారు సైకిలు మడిచి అటకెక్కించేశారు. ఆయన కోపంలో తప్పులేదు. కాని చిన్నత్తగారికిచ్చిన మాట ఒకటుంది కదా! పడ్డానన్న బాధకన్నా, ఎందుకు పడ్డానో తెలియలేదన్న బాధ నన్ను ఎక్కువ తొలిచింది.

చెయ్యి కట్టులో ఉండగానే మా అబ్బాయిని వెంటబెట్టుకుని, మా పేటలో నలభై ఏళ్ళుగా సైకిళ్ళు బాగుచేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన వెనక చక్రం ఇరుసుడబ్బా తుడిచి చూసి, “అమ్మా, ఇది స్టర్మీ ఆర్చర్. చిన్నప్పుడు మా మేస్త్రి దగ్గర చూశాను” అన్నారు. ఆ డబ్బా మీద 76 అని సంవత్సరం కూడా కొట్టి ఉంది. పాత బండి కొనేటప్పుడు దాని వయసు తెలుసుకోవటానికి ఇదొక గుర్తు. కాకపోతే చక్రం మధ్యలో ఎవరైనా మార్చి ఉంటే ఆ లెక్క తప్పవచ్చు.

ఆ డబ్బాలో మూడు గేర్లున్నాయి. తిరగలి మధ్య మేకు కదలకుండా ఉంటుంది చూడండి, అలా ఇరుసు మీద 20 పళ్ళ చిన్న చక్రం కదలకుండా ఉంటుంది. దాని చుట్టూ నాలుగు బుల్లి చక్రాలు ఒక చట్రంలో తిరుగుతాయి. వాటన్నిటినీ చుట్టి లోపలివైపు 60 పళ్ళున్న వలయం ఉంటుంది. రెండో గేరులో మన బలం సూటిగా చక్రానికి వెళ్తుంది. ఒకటో గేరులో వలయం తిరిగి చట్రాన్ని నడుపుతుంది, చక్రం నాలుగింట మూడువంతులే తిరుగుతుంది. వేగం తగ్గుతుంది, ఎత్తు ఎక్కటం సులువవుతుంది. మూడో గేరులో చట్రం తిరిగి వలయాన్ని నడుపుతుంది, చక్రం మూడోవంతు ఎక్కువ తిరుగుతుంది.

కిటుకంతా ఇక్కడే ఉంది. రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్య ఏ పళ్ళూ పట్టుకోని ఖాళీ జాగా ఒకటుంది. వైరు కాస్త వదులైతే, మనం రెండులో ఉన్నామనుకుంటాం, లోపలి పట్టు ఆ ఖాళీలోకి జారుతుంది. నేను పడింది అందుకే. దుకాణంలో వైరు వేశారు గాని బిగువు సరిచూడలేదు. చూడటం అరనిమిషం పని. పిడిని రెండు మీద పెట్టి, ఇరుసు కుడిచివర నట్టుకున్న కంతలోంచి చూడాలి. వైరు లాగే సన్నని గొలుసు తాలూకు పుల్ల భుజం, ఇరుసు చివరతో సమంగా ఉండాలి. తేడా ఉంటే గొలుసు దగ్గర మరను తిప్పి సరిచేసుకోవచ్చు. కొత్త వైరు సాగుతుంది కనుక మొదటి నెలలో రెండు మూడుసార్లు చూడాలి. అదే డబ్బాకు నూనె పోసే చిన్న మూత ఉంటుంది. నెలకోసారి యంత్రాల నూనె నాలుగు చుక్కలు చాలు. కొబ్బరినూనె పొయ్యకండి, జిగురు కడుతుంది.

ఆ విషయం అర్థమయ్యాక సైకిలు అటక దిగింది. అప్పుడు, మార్చవలసింది ఏది, ఉంచవలసింది ఏది అన్న ప్రశ్న వచ్చింది.

మొదట మార్చింది రిమ్ములు. పాతవి మెరిసే ఉక్కువి. పొడిగా ఉన్నంతసేపూ ఫరవాలేదు, తడిస్తే బ్రేకు రబ్బర్లు వాటి మీద జారిపోతాయి. వానలో సైకిలు మన మాట వినదు. అల్యూమినియం రిమ్ములైతే తడిలోనూ పట్టుంటుంది. ప్రాణానికి సంబంధించింది గనుక, డబ్బు పెట్టదలిస్తే ముందు దీనికే పెట్టాలి.

ఇక్కడో చిక్కుంది. కుక్కరు మూత రబ్బరు అడిగితే ‘అయిదు లీటర్లది’ అంటే చాలదు, ఏ కంపెనీదో కూడా చెప్పాలి కదండీ. అలాగే 20 అంగుళాల టైర్లన్నీ ఒకటి కావు. ఇంగ్లండులో అమ్మిన ట్వంటీకి రిమ్ము కొలత 451 మిల్లీమీటర్లు. లావు టైర్లుండే 20 అంగుళాల పిల్లల సైకిళ్ళకు 406. ఒకదాని టైరు రెండోదానికి ఎక్కనే ఎక్కదు. టైరు పక్కన అచ్చువేసిన అంకె చూసి కొనండి. మాకు 406 టైర్లు సులువుగా దొరుకుతాయి గనుక ఆ రిమ్ములే వేయించాం. ఇరుసుడబ్బా పాతదే ఉంచి, కంతల లెక్క సరిపోయే రిమ్ముకు పొట్టి ఊచలతో కొత్తగా అల్లించాం. రిమ్ము అంచు 22 మిల్లీమీటర్ల పైచిలుకు కిందికి దిగుతుంది గనుక పొడుగు చేతుల బ్రేకులు కొనవలసి వచ్చింది. పెడళ్ళు కూడా కాస్త నేలకు దగ్గరయ్యాయి. మలుపులో తొక్కకుండా ఉండటం అలవాటు చేసుకున్నాను.

రెండో మార్పు, వెనక పళ్ళ చక్రం. ముందు 46 పళ్ళు, వెనక 15 ఉండేవి. పెడలు ఒక చుట్టు తిప్పితే రెండో గేరులో దాదాపు 4.8 మీటర్లు పోతుంది. నా మోకాళ్ళకది ఎక్కువ. వెనక 18 పళ్ళది వేయిస్తే చుట్టుకు 4 మీటర్లు, ఒకటో గేరులో 3 మీటర్లు అయింది. ఒక తీగ వలయం తీసి పెట్టటమే, పెద్ద ఖర్చు లేదు. వంతెన ఇప్పుడు కూర్చునే ఎక్కుతున్నాను.

పెడలు కాడలు కూడా కొత్తరకం వేయిద్దామని మా అబ్బాయి పట్టుబట్టాడు. పెద్దాయన వద్దన్నారు. రాలీవారి మరలకు అంగుళానికి 26 చుట్లు, మామూలు సైకిళ్ళకు 24. పైగా దీని అడుగుగొట్టం వెడల్పెక్కువ. బజారులో దొరికే సామాను అందులో ఇమడదు, బలవంతంగా ఎక్కిస్తే గొట్టమే చెడుతుంది. పాత కాటర్ పిన్నుల పద్ధతి మన మేస్త్రీలకు కొట్టినపిండి. కొత్త పిన్నులు రెండు సానబట్టి వేశారు, సరిపోయింది. హ్యాండిలు కింద పైభాగాన ఛర్రాలకు బదులు నైలాను తొడుగుంది. దానివల్ల హ్యాండిలు కాస్త బిరుసుగా తిరుగుతుంది. చిన్నచక్రాల బండి వణక్కుండా ఉంచేది అదే, తీయించకండి.

తొక్కేటప్పుడు రెండు జాగ్రత్తలు. మడత పిడి బిగిసి ఉందో లేదో ఎక్కే ముందు ప్రతిసారీ చేత్తో నొక్కి చూడండి. చిన్న చక్రం గుంటలో లోతుగా దిగుతుంది గనుక గుంట కనబడగానే నెమ్మదించండి. చీర కట్టుకుంటే కొంగు నడుముకు చుట్టి దోపుకోవాలి. నేను చుడీదారే వేసుకుంటాను.

అంతా అయ్యాక చిన్నత్తగారికి ఫోను చేసి ఏవేవి మార్చానో వరసగా చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ఇంకేం మిగిలిందంటారేమోనని భయపడ్డాను.

“బెల్లు అదేనా?” అన్నారు.

“అదేనండీ” అని ఫోను దగ్గర పెట్టి మోగించాను.

“మళ్ళీ ఓసారి కొట్టు” అన్నారు.

కొట్టాను. మావారు గదిలోంచి వచ్చి, “రేపు రైతుబజారుకు నువ్వు వెళ్తావా, నన్ను వెళ్ళమంటావా?” అని అడిగారు. నేనే వెళ్ళాను.

మీ అటకమీద కూడా ఇలాంటిదేదైనా ఉంటే దించి చూడండి. ఎలా పనిచేస్తుందో ముందు తెలుసుకుని, ఆ తరవాత వాడండి. ఇక సెలవు.