హరిణ వనస్థలి: బోడుప్పల్, ఉప్పల్ వాసులకు దగ్గర్లోనే నేషనల్ పార్క్.. టూరిస్టులు వెళ్తే లాభం ఎవరికి?

ఆదివారం వచ్చిందంటే చాలు.. బోడుప్పల్, ఉప్పల్, నాచారం వైపు ఇళ్లలో ఒకటే ప్రశ్న. పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి? జూపార్క్ చూపిద్దామంటే నగరం అవతలి వైపు బహదూర్‌పురా దాకా వెళ్లాలి. మాల్‌కు తీసుకెళ్తే జేబుకు చిల్లు. కానీ చాలామందికి తట్టని చోటు ఒకటి బోడుప్పల్‌కు సుమారు 15 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అక్కడ కృష్ణజింకలు బోనుల్లో ఉండవు, గుంపులుగా పరుగులు తీస్తాయి. అదే వనస్థలిపురం దగ్గరున్న మహావీర్ హరిణ వనస్థలి నేషనల్ పార్క్.

అయితే ఇలాంటి చోటికి జనం వెళ్లడం మంచిదేనా? జంతువులకు ఇబ్బంది కాదా? టికెట్ డబ్బులు తప్ప పర్యాటకంతో పార్కుకు ఒరిగేదేంటి? వివరంగా చూద్దాం.

వేట మైదానం నుంచి నేషనల్ పార్క్ దాకా..

ఇప్పుడు కృష్ణజింకలకు రక్షణ ఇస్తున్న ఈ నేల ఒకప్పుడు వాటికి ప్రాణగండం. నిజాం కాలంలో ఇది వేట మైదానం. వర్ధమాన మహావీరుడి 2,500వ నిర్వాణ ఉత్సవాల జ్ఞాపకంగా 1975లో ఇక్కడ జింకల పార్కు ఏర్పాటైంది. అహింసను బోధించిన మహావీరుడి పేరే దానికి పెట్టారు. 1994లో నేషనల్ పార్క్ హోదా దక్కింది.

విస్తీర్ణం 1,459 హెక్టార్లు, అంటే 3,605 ఎకరాలు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మధ్య ఉన్న కేబీఆర్ పార్కు దాదాపు 390 ఎకరాలే. అంటే హరిణ వనస్థలి దానికి తొమ్మిది రెట్లు పెద్దది. పేరు మాత్రం కేబీఆర్‌కే ఎక్కువ!

ఇక్కడ మరో విశేషం కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. తెలంగాణ రాష్ట్ర జంతువు మచ్చల జింక. రెండూ ఈ ఒక్క పార్కులోనే కనిపిస్తాయి. అడవి పందులు, ముళ్లపందులు, ఉడుములు, నెమళ్లు సరేసరి.

'అక్కడేముంది.. తుప్పలే కదా!'

తొలిసారి వెళ్లినవాళ్లలో కొందరు పెదవి విరుస్తారు. ఆకాశాన్నంటే చెట్లు లేవు, జలపాతాలు లేవు, ఎటు చూసినా గడ్డి, ముళ్లపొదలే అంటారు. అసలు సంగతి ఏంటంటే, కృష్ణజింకకు కావాల్సింది అదే. అది దట్టమైన అడవిలో బతికే జంతువు కాదు. ఆరుబయట గడ్డి మేస్తుంది. శత్రువును దూరం నుంచే పసిగట్టి, గంటకు దాదాపు 80 కిలోమీటర్ల వేగంతో పరుగు తీస్తుంది. దాని ఆయుధం పరుగే. ఆ పరుగుకు ఖాళీ నేల కావాలి.

మన దేశంలో గడ్డి నేలలకు వచ్చిన కష్టమే ఇది. చూడ్డానికి ఖాళీ జాగాలా కనిపిస్తాయి. దాంతో ఒకరు ప్లాట్లు వేద్దామంటారు, మరొకరు చెట్లు నాటేద్దామంటారు. రెండింటితోనూ కృష్ణజింకకు చోటు పోతుంది. ఈ విషయం పుస్తకంలో చదివితే ఓ పట్టాన ఎక్కదు. నల్లటి వీపు, మెలితిరిగిన కొమ్ములున్న మగజింక గడ్డి మీదుగా దూకుతూ పోవడాన్ని ఒక్కసారి చూస్తే మాత్రం పిల్లలకు కూడా అర్థమైపోతుంది. పర్యాటకంతో వచ్చే మొదటి లాభం ఇదే.

చట్టం ఏం చెబుతోంది?

నేషనల్ పార్క్ అంటే ఎవరుపడితే వాళ్లు, ఎలాపడితే అలా వెళ్లే చోటు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ప్రవేశానికి అనుమతి తప్పనిసరి. ఏ పనుల కోసం అనుమతి ఇవ్వొచ్చో 28వ సెక్షన్ చెబుతుంది. వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోగ్రఫీ, శాస్త్రీయ పరిశోధనతో పాటు పర్యాటకం కూడా ఆ జాబితాలో ఉంది. మనం కొనే టికెట్ కూడా ఒక రకంగా ఆ అనుమతే. కాబట్టి పర్యాటకుడు పార్కుకు అతిథి మాత్రమే. ఇంటివాళ్లు జింకలే.

టూరిస్టుల డబ్బు ఎవరికి చేరాలి?

పార్కుకు పది మంది వస్తే చుట్టుపక్కల పది మందికి పని దొరుకుతుంది. సఫారీ వాహనాల డ్రైవర్లు, గైడ్లు, శుభ్రం చేసేవాళ్లు, గేటు బయట కొబ్బరిబోండాలు, టీ అమ్ముకునేవాళ్లు.. ఇలా ఎందరికో. కానీ ఆ డబ్బు స్థానికులకు చేరకపోతే పార్కు వాళ్లకు పరాయిదిగానే ఉండిపోతుంది. ఈ సంగతి ప్రపంచమంతా అనుభవం మీద నేర్చుకున్నదే.

నేపాల్‌లోని చిత్వాన్ నేషనల్ పార్క్‌నే తీసుకుంటే.. అక్కడి చట్టం ప్రకారం పార్కు ఆదాయంలో 30 నుంచి 50 శాతం చుట్టుపక్కల గ్రామాల అభివృద్ధికే ఖర్చు చేయొచ్చు. ఆఫ్రికాలోని రువాండాలో గొరిల్లాలను దగ్గర నుంచి చూడాలంటే విదేశీ పర్యాటకుడు 1,500 డాలర్లు కట్టాలి. పర్యాటక ఆదాయంలో 10 శాతం పార్కుల పక్క ఊళ్ల పనులకు వెళ్తుంది. మన దగ్గరా టైగర్ రిజర్వుల్లో ఏర్పాటయ్యే ఫౌండేషన్ల బాధ్యతల్లో స్థానికుల భాగస్వామ్యంతో ఎకో టూరిజం నడపడం ఒకటని చట్టమే చెబుతోంది. నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వులో అడవి కాపలా పనిలో చెంచులు ఉన్నారు. తరతరాలుగా అడవి ఆనుపానులు తెలిసినవాళ్లకు ఆ తెలివే జీతమైతే, అడవికి అంతకంటే నమ్మకమైన కాపలా ఎక్కడ దొరుకుతుంది?

అన్నిటికంటే పెద్ద లాభం.. అండగా నిలిచే జనం

నగరం మధ్యలో ఉన్న పార్కుకు పులి భయం లేదు. దాని భయమల్లా భూమి ధర. గజం లెక్కన భూములు అమ్ముడుపోయే చోట 3,605 ఎకరాలు అలాగే ఉండిపోవడం మామూలు విషయం కాదు. గేటు అవతల విజయవాడ హైవే, ఆటోనగర్, చుట్టూ కాలనీలు. రోడ్డు వెడల్పు చేయాలన్నా, కొత్త లైన్ వేయాలన్నా ముందుగా కళ్లు పడేది 'ఖాళీ'గా కనిపించే నేల మీదే.

అలాంటప్పుడు పార్కు తరఫున మాట్లాడేదెవరు? దానికి సమాధానం కేబీఆర్ పార్కు దగ్గర దొరికింది. 2016లో ఆ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు నగరవాసులు రోడ్డెక్కారు. వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్ల కొట్టివేతను సుప్రీంకోర్టు ఆపించింది. అక్కడా ముందు గొంతెత్తింది ఆ చెట్ల మధ్య తిరిగిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులే. తెలిసిన చోటు కోసమే మనిషి నిలబడతాడు. ఎన్నడూ చూడని పార్కులో ఎకరం పోయినా, పది ఎకరాలు పోయినా పేపర్లో ఓ వార్త, అంతే.

తూర్పు హైదరాబాద్‌కు ఈ మాట మరీ వర్తిస్తుంది. నాచారంలో పరిశ్రమలు, ఉప్పల్ చౌరస్తాలో ట్రాఫిక్, ఏళ్ల తరబడి సాగిన ఉప్పల్ - నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనుల దుమ్ము.. ఇవన్నీ బోడుప్పల్ వాసులు పీల్చుకున్నవే. ఎండాకాలం ట్యాంకర్ కోసం ఎదురుచూపులు కూడా కొత్త కాదు. సిమెంటు వేయని నేల మీద పడిన వాన భూమిలోకి ఇంకుతుంది. చెట్లు, గడ్డి ఉన్న చోట వేడి తగ్గుతుంది. నగరంలో ఇంత పెద్ద పచ్చటి నేల మిగిలిందంటే అది ఒక్క వనస్థలిపురం ఆస్తే కాదు.

మరి ఎంతమంది వస్తే అంత మంచిదా?

కాదు. ఇక్కడే జాగ్రత్త కావాలి. కృష్ణజింక బెదురు జంతువు. తరిమినా, చుట్టుముట్టినా తట్టుకోలేదు. తీవ్రమైన భయం, అలసటతో కండరాలు దెబ్బతిని ప్రాణాలు పోయే ప్రమాదం కూడా ఉంది. పారేసిన తిండి కోసం వచ్చే వీధికుక్కలు జింకపిల్లలకు యమదూతలే. ప్లాస్టిక్ కవర్ మింగిన జింకకు కడుపులో అది అరగదు.

దేశంలో దీనిపై పెద్ద చర్చే నడిచింది. 2012 జులైలో టైగర్ రిజర్వుల కోర్ ప్రాంతాల్లో పర్యాటకాన్ని సుప్రీంకోర్టు తాత్కాలికంగా ఆపేసింది. అదే ఏడాది అక్టోబర్‌లో కొత్త మార్గదర్శకాలు వచ్చాక అనుమతించింది. వాటి ప్రకారం కోర్ ప్రాంతంలో 20 శాతానికి మించి పర్యాటకానికి వాడకూడదు. అంటే పర్యాటకం వద్దని కాదు, హద్దు దాటొద్దని. నగరంలోని పార్కుకూ ఇదే సూత్రం. రంగురంగుల లైట్లు, డీజే పాటలు, లాన్లు వచ్చాయంటే జనం పెరుగుతారేమో కానీ జింకలు తగ్గుతాయి. జింకలు లేని హరిణ వనస్థలికి ఎవరు వెళ్తారు?

వెళ్లాలనుకుంటే..

బోడుప్పల్ నుంచి ఉప్పల్, నాగోల్ మీదుగా ఎల్‌బీ నగర్ చేరుకోవాలి. అక్కడ ఎడమవైపు విజయవాడ హైవే ఎక్కితే ఆటోనగర్ దగ్గర రోడ్డుకు కుడివైపున పార్కు వస్తుంది. టికెట్ ధరలు, సమయాలు, సెలవు రోజు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు కనుక్కోవడం మంచిది. పొద్దున్నే చల్లటి వేళలో వెళ్తే జింకలు కనిపించే అవకాశం ఎక్కువ. మట్టిరంగు బట్టలు వేసుకోవాలి. ఫోన్‌లో పాటలు వద్దు. తినుబండారాలు వేయొద్దు. తెచ్చిన ప్లాస్టిక్‌ను తిరిగి ఇంటికే తెచ్చుకోవాలి.

ఇంకో మాట. వెళ్లిన ప్రతిసారీ జింకలు కనిపించాలని లేదు. ఒక్కోసారి గడ్డిలో అలికిడి తప్ప ఏమీ కనబడకపోవచ్చు. పిల్లలు 'ఇంతేనా నాన్నా?' అని అడగొచ్చు. అవి మనకోసం ఆడే సర్కస్ కాదనీ, వాటి ఇంటికి మనమే వచ్చామనీ చెప్పడానికి అంతకు మించిన సందర్భం ఉండదు. ఆ మాట విన్న పిల్లలు రేపు పెద్దయ్యాక, ఈ నేలను ఎవరైనా 'ఖాళీ జాగా' అంటే ఊరుకోరు.