వికెట్ల వెనుక ఒకే ఒక్కడు

క్రికెట్టు జట్టులో 11 మంది ఆటగాళ్ళుంటారు. బ్యాటింగులో పేరున్నవారు ఆరుగురో ఏడుగురో ఉంటారు. బౌలర్లు నలుగురో అయిదుగురో ఉంటారు. కాని వికెట్ కీపరు మాత్రం ఒక్కడే. అతడు జట్టులో ఉన్నంతకాలం దేశంలోని మిగతా కీపర్లందరూ ఎదురుచూస్తూ ఉండవలసిందే.

1932లో లార్డ్స్ మైదానంలో భారతదేశం తన మొట్టమొదటి టెస్టు ఆడింది. ఆ జట్టుకు నాయకుడు తెలుగు కుటుంబానికి చెందిన సి.కె. నాయుడు. వికెట్ కీపరు జనార్దన్ నవ్లే. ఆ తరువాత వికెట్ల వెనుక నిలబడే అవకాశం తెలుగునాటి ఆటగాళ్ళకు చాలా అరుదుగా వచ్చింది. అలా నిలబడిన వారెవరో, వారు చేసిన పనిలో ఇమిడి ఉన్న విజ్ఞానమేమిటో తెలుసుకుందామా?

చూసి కదిలితే ఆలస్యమే

1971లో అజిత్ వాడేకర్ నాయకత్వాన భారత జట్టు వెస్టిండీస్ వెళ్ళింది. అనుభవజ్ఞుడైన కీపరు ఫరూఖ్ ఇంజనీరు ఆ జట్టులో లేడు. ఆ చోటు హైదరాబాదుకు చెందిన పోచయ్య కృష్ణమూర్తికి దక్కింది. 5 టెస్టులకూ అతడే కీపరు. వెస్టిండీసుపై భారతదేశం మొదటిసారి టెస్టు గెలిచింది, సిరీస్ గెలిచింది ఆ పర్యటనలోనే. జట్టులో బేడీ, ప్రసన్న, వెంకటరాఘవన్ వంటి స్పిన్ బౌలర్లు ఉన్నారు. వారికి కీపింగు చేయడమంటే స్టంపులకు ఆనుకొని కూర్చోవడమే.

ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. స్పిన్ బౌలరు వేసిన బంతి బ్యాటు దగ్గరకు వచ్చేసరికి దాని వేగం సెకనుకు సుమారు 20 మీటర్లు అనుకోండి. బ్యాటుకూ కీపరు చేతులకూ మధ్య దూరం 1.5 మీటర్లు. అంటే బ్యాటు అంచుకు తగిలిన బంతి 0.075 సెకనులో చేతుల దగ్గరకు వచ్చేస్తుంది. సెకనులో పదో వంతు కూడా కాదు!

మరి మన శరీరం సంగతేమిటి? బంతి దిశ మారడాన్ని కన్ను పట్టుకోవాలి. ఆ కబురు దృష్టి నాడి ద్వారా మెదడుకు చేరాలి. మెదడు ఆజ్ఞ వెన్నుపాము మీదుగా చేతి కండరాలకు అందాలి. దీనికంతటికీ సుమారు 0.2 సెకను పడుతుంది. దీనినే ప్రతిచర్యా కాలం అంటారు. అంతలో బంతి 4 మీటర్లు ప్రయాణం చేస్తుంది. అనగా చేయి కదలడం మొదలుపెట్టేసరికి బంతి కీపరును దాటి రెండున్నర మీటర్ల వెనుక ఉంటుంది.

అయినా కీపర్లు క్యాచులు పడుతూనే ఉన్నారు. ఎలా? బంతి బ్యాటుకు తగలక ముందే వారి చేతులు సరైన చోట ఉంటాయి కనుక! బౌలరు మణికట్టును, బంతి గాలిలో వచ్చే తీరును చూసి, అది ఎక్కడ పడి ఎటు తిరుగుతుందో కీపరు ముందే అంచనా వేస్తాడు. బంతి నేలను తాకి లేచేటప్పుడు చేతులు కూడా దానితోపాటే లేస్తాయి. అంచుకు తగిలి బంతి 5 డిగ్రీలు పక్కకు మళ్ళినా, 1.5 మీటర్ల దూరంలో ఆ తేడా 13 సెంటీమీటర్లే. బారుగా తెరిచిన రెండు చేతులకు అది అందుతుంది.

1979లో ఇంగ్లండు పర్యటనకు సయ్యద్ కిర్మానీని ఎంపిక చేయలేదు. అప్పుడు మద్రాసులో పుట్టిన భరత్ రెడ్డి 4 టెస్టులలోనూ కీపింగు చేశాడు. తరువాత కిర్మానీ తిరిగివచ్చాడు. భరత్ రెడ్డికి మరో టెస్టు దొరకలేదు.

వెనక్కి జరిగితే?

వేగపు బౌలరుకు కీపరు స్టంపులకు చాలా దూరంగా నిలబడతాడు. ఆ దూరం 16 మీటర్లు, బంతి వేగం సెకనుకు 30 మీటర్లు అనుకుందాం. ఇప్పుడు కీపరుకు దొరికే కాలం అర సెకనుకు పైనే. చూసి కదలడానికి వీలుంది. కాని 5 డిగ్రీలు మళ్ళిన బంతి ఇక్కడికి వచ్చేసరికి 1.4 మీటర్లు పక్కకు పోతుంది. అందుకే కీపరు దూకవలసి వస్తుంది. దగ్గరగా ఉంటే కాలం చాలదు, దూరంగా ఉంటే పక్కకు పోయే దూరం పెరుగుతుంది. ఏ బౌలరుకు ఎంత దూరంలో నిలబడాలో తేల్చుకోవడమే కీపరు నేర్పు.

గుంటూరుకు చెందిన ఎం.ఎస్.కె. ప్రసాద్ ఈ రెండు పరీక్షలనూ కొద్ది నెలలలోనే ఎదుర్కొన్నాడు. 1999 అక్టోబరులో మొహాలీలో న్యూజిలాండుపై మొదటి టెస్టు ఆడాడు. ఆ సిరీసులో 3 టెస్టులు మన దేశపు పిచ్‌లమీద, వెంటనే మరో 3 టెస్టులు బంతి ఎత్తుగా లేచే ఆస్ట్రేలియా పిచ్‌లమీద. అంతటితో అతని టెస్టు జీవితం ముగిసింది. 2016 నుండి 2020 వరకు భారత సెలక్షన్ సంఘానికి అధ్యక్షుడుగా ఉండి, ఇతరుల ఆటను తూచే పని చేశాడు.

చేతులు వెనక్కి ఎందుకు?

బంతి బరువు సుమారు 160 గ్రాములు. సెకనుకు 30 మీటర్ల వేగంతో వస్తే దాని గతిశక్తి 72 జౌళ్ళు. ఆ శక్తినంతా చేతులే భరించాలి. బంతిని 1.5 సెంటీమీటర్లలో ఆపేస్తే సగటు బలం 4,800 న్యూటన్లు. చేతులను 15 సెంటీమీటర్లు వెనక్కి తీసుకుంటూ ఆపితే 480 న్యూటన్లు మాత్రమే, పదో వంతు! గ్లవ్స్ తొడుక్కున్నా కీపరు చేతులు వెనక్కి జరపడంలోని రహస్యమిదే.

టెస్టులో రోజుకు 90 ఓవర్లు, అనగా 540 బంతులు. జట్టు రోజంతా ఫీల్డింగు చేస్తే కీపరు 540 సార్లు కూర్చొని లేవాలి. బంతి తనదాకా రాకపోయినా సరే. పట్టిన క్యాచును మరిచిపోతాం, జారవిడిచినదానిని మాత్రం గుర్తుంచుకుంటాం!

మన పొరుగు ఊరి భరత్

మన అనకాపల్లికి పొరుగునున్న విశాఖపట్నం కుర్రాడు కోన శ్రీకర్ భరత్. 2015లో గోవాపై 308 పరుగులు చేసి, రంజీ ట్రోఫీలో త్రిశతకం కొట్టిన మొదటి వికెట్ కీపరయ్యాడు. అయినా టెస్టు జట్టులో చోటు కోసం ఏళ్ళతరబడి ఎదురుచూశాడు. 2021 నవంబరులో కాన్పూరు టెస్టులో వృద్ధిమాన్ సాహా మెడ పట్టేసింది. అతని బదులు మైదానంలోకి వచ్చిన భరత్ 2 క్యాచులు పట్టి, 1 స్టంపింగు చేశాడు. ఆ టెస్టు అతని లెక్కలోకి రాదు! 2022 డిసెంబరులో రిషభ్ పంత్ కారు ప్రమాదంలో గాయపడ్డాడు. 2023 ఫిబ్రవరిలో నాగపూరులో భరత్‌కు తొలి టెస్టు దక్కింది. జడేజా బంతికి ముందుకు వచ్చి తప్పిపోయిన లబుషేన్‌ను అతడు కన్ను మూసి తెరిచేలోగా స్టంపౌటు చేశాడు.

కాని కీపరునుండి ఇప్పుడు పరుగులు కూడా ఆశిస్తారు. 1971లో కృష్ణమూర్తి చేసిన పరుగులు బహు స్వల్పం, అయినా 5 టెస్టులూ ఆడాడు. ధోనీ 2013లో 224 పరుగులు చేశాక కొలబద్ద మారిపోయింది. భరత్ అత్యధిక స్కోరు 44. 2024 ఫిబ్రవరిలో సొంత ఊరు విశాఖలో తన 7వ టెస్టు ఆడాడు. తరువాతి టెస్టులో ఆ చోటు ధ్రువ్ జురెల్‌కు వెళ్ళింది.

ఈ నలుగురూ కలిసి ఆడినవి 22 టెస్టులు. కిర్మానీ ఒక్కడే 88, ధోనీ ఒక్కడే 90 ఆడారు. మరొకరు లేని సమయంలోనే వీరికి పిలుపు వచ్చింది. పిలుపు వచ్చాక సాధన చేద్దామంటే కుదరదు. బ్యాటు అంచుకు తగిలాక చేతులు కదిపితే క్యాచు దొరకనట్లే!

మీరే చేసి చూడండి

మీ స్నేహితుణ్ణి 30 సెంటీమీటర్ల స్కేలును పై కొన దగ్గర పట్టుకొని నిలువుగా వేలాడదీయమనండి. సున్నా గీత దగ్గర మీ బొటనవేలు, చూపుడువేలు తాకకుండా ఉంచండి. అతడు చెప్పకుండా వదలగానే పట్టుకోండి. 15 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే మీ ప్రతిచర్యా కాలం సుమారు 0.17 సెకను; 20 అయితే 0.20, 25 అయితే 0.23.

ఇప్పుడు "ఒకటి, రెండు, మూడు" అని సమంగా లెక్కపెట్టి మూడు దగ్గర వదలమనండి. ఈసారి చాలా ముందే పట్టుకుంటారు. మీ నాడులు ఒక్క క్షణంలో చురుకెక్కలేదు. స్కేలు ఎప్పుడు పడుతుందో మీకు ముందే తెలిసింది, అంతే! రెండు కొలతలనూ పుస్తకంలో రాసుకొని తేడా ఎంతో లెక్కకట్టండి. మంచి కీపరు సంపాదించుకునేది ఆ తేడానే.