భీముని కొలను మీద పొగ

మా ఆలూర్ వాళ్ళకు పొగ కొత్త కాదు. పసుపు తవ్వి ఉడకబెట్టే రోజుల్లో ఆర్మూర్ చుట్టుపట్ల ఏ ఊరికి వెళ్ళినా కళ్ళాల దగ్గర తెల్లని ఆవిరీ, దాని వెనుక సన్నని పొగా కనిపిస్తాయి. ఆ పొగ చూస్తే పంట చేతికి వస్తున్నదన్న ధీమా కలుగుతుంది. అడవి పొగ సంగతి వేరు. అది ఎక్కడ పుట్టిందో తెలియదు, ఎటు తిరుగుతుందో తెలియదు. నల్లమలలో ఒక పొద్దంతా ఆ పొగలో నడిచి వచ్చినవాణ్ణి కనుక, పాఠకులతో నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించింది.

కర్నూలు వైపు ఆత్మకూరు దగ్గర వెంకటాపురం అనే ఊరు ఉన్నది. అక్కడి నుంచి శ్రీశైలానికి అడవిలో కాలిబాట. నాగలూటి, దామెర్లకుంట, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం - ఇవీ మజిలీలు. శివరాత్రికి మనవాళ్ళూ, ఉగాదికి కన్నడ భక్తులూ వేల సంఖ్యలో ఈ బాటన నడుస్తారు. కన్నడిగులకు భ్రమరాంబ ఇంటి ఆడపడుచు. అందుకే చీరె, సారె, పసుపు కుంకుమలు నెత్తిన పెట్టుకుని వస్తారు. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన పుణ్యం 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డిది. అంటే ఈ కొండల్లో యాత్రికుల నడక నిన్న మొన్నటిది కాదన్నమాట.

మా శ్రీమతి పుట్టిల్లు ఆలూరే. మా పెద్దమ్మాయి జబ్బు చేసి లేచిన ఏడు, ఆలూర్ పసుపు నడిచి తీసుకువెళ్ళి భ్రమరాంబకు సమర్పిస్తానని ఆవిడ మొక్కుకున్నది. రెండేళ్ళ కిందట ఉగాదికి ముందు ఆ మొక్కు తీర్చడానికి బయలుదేరాము. నా వీపు సంచిలో నీళ్ళు, అటుకులు, దుప్పట్లు. ఆవిడ సంచిలో ఎర్రగుడ్డలో కట్టిన పసుపు కొమ్ములు, దాని పక్కనే పీల్చే మందు. ఆవిడకు చిన్ననాటి నుంచీ ఉబ్బసం.

మొదటి రోజు నడక హాయిగానే సాగింది. రాత్రి పెద్దచెరువు దగ్గర ఒక కన్నడ బిడారంతో కలిసి పడుకున్నాము. తెల్లవారుజామున నాలుగింటికి లేచి నడక మొదలుపెడితే చెట్ల మధ్య తెల్లగా ఏదో పరచుకుని ఉన్నది. 'మంచు బాగానే పడ్డది' అన్నాను. ఆవిడ ముక్కు ఎగబీల్చి, 'మంచు కాదండీ, ఆకు కాలిన వాసన' అన్నది.

మాతో నడుస్తున్న ఓ కన్నడ పెద్దాయన 'హొగె, హొగె' అన్నాడు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కదా, ఆ గాభరాలోనూ నాకు వ్యాకరణమే తోచింది. మన పాలు వారికి హాలు, మన పొగ వారికి హొగె. అక్షరం మారినా కళ్ళమంట ఒక్కటే!

సూర్యుడు లేచాడు గాని వెలుగు రాలేదు. తోమని రాగి పళ్ళెంలా ఉన్న ఆ బింబాన్ని కంటితో నేరుగా చూడగలిగాము. సంచుల మీద బూడిద రేకులు వాలుతున్నాయి. ఎండిన వెదురు ఎక్కడో టపటప పేలుతున్నది. తువ్వాళ్ళు తడిపి ముక్కులకు కట్టుకున్నాము.

మా శ్రీమతి మాటకారి. దారి పొడుగునా చుట్టాల కబుర్లు చెబుతూనే ఉంటుంది. ఆ పొద్దు ఆవిడ మాటలు పొట్టివి కావడం గమనించాను. మొదట కథలు ఆగిపోయాయి, తరువాత వాక్యాలు తరిగాయి, చివరకు 'ఊ', 'ఆ' మిగిలాయి. మందు రెండుసార్లు పీల్చింది. ఉబ్బసం ఉన్న మనిషితో పొగలో నడిచేవారు కాళ్ళ వంక చూడటం కన్నా మాటలు వినడం మంచిది. ఊపిరి అందనప్పుడు ముందు తగ్గేది మాటే.

మఠంబావి దగ్గర అటవీశాఖ కాపలావాళ్ళు ఇద్దరు, మొహాలు మసిగొట్టుకుని, చేతుల్లో పచ్చికొమ్మలతో నిలబడి ఉన్నారు. 'కిందికి దిగొద్దండి సార్. లోయ నిండా పొగ కూచుంది. అవతలి గట్టున మంట ఉంది' అన్నాడు ఒకడు.

మఠంబావి దాటితే బాట నిట్టనిలువుగా భీముని కొలనులోకి దిగి, మెట్ల మీదుగా మళ్ళీ కైలాసద్వారానికి ఎక్కుతుంది. ఆ మాటలో ఉన్న శాస్త్రం తెలుసుకోదగినది. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. పొగను కూడా తీసుకుపోయి అక్కడే మూతపెట్టినట్టు ఉంచుతుంది. ఎండ ముదిరాక గాని ఆ మూత తీయదు. తీసిన తరువాత గాలి కొండ మీదికి ఎక్కుతుంది, దానితో మంటా ఎక్కుతుంది. పైనున్న ఎండుగడ్డి కింది మంట సెగకు ముందే వేడెక్కి ఉంటుంది కనుక, ఎక్కే మంట దిగే మంట కన్నా ఎంతో వేగం. పొద్దున దిగితే పొగ, మధ్యాహ్నం మెట్లెక్కితే వెనుక మంట!

తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో 2018 మార్చి 11న జరిగిన ఘోరం చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొండనడకకు వెళ్ళినవారిని ఎండుగడ్డి మంట చుట్టుముట్టి ఇరవైమందికి పైగా బలిగొన్నది. అమెరికాలో మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా 4,265 కిలోమీటర్ల పసిఫిక్ క్రెస్ట్ కాలిబాట ఉన్నది. నెలల తరబడి నడిచేవారు సైతం కార్చిచ్చు వస్తే ఆ మేర బాట విడిచి చుట్టుతిరిగి పోతారు. అక్కడ దాన్ని ఎవరూ పిరికితనం అనరు.

బిడారంలో కుర్రవాళ్ళు దిగుదామన్నారు. పెద్దాయన దోసెడు దుమ్ము ఎగరవేసి గాలివాటం చూసి తల అడ్డంగా ఊపాడు. మధ్యాహ్నం దాకా ఆగి చూద్దామా అని నేను మా ఆవిడను అడిగాను. ఆవిడ బావిగట్టున కూర్చుని కాసేపు ఊపిరి కూడదీసుకుని అన్నది:

'మొక్కు నాది. ఊపిరి కూడా నాదే. వెనక్కి పోదామండీ. తల్లి ఎక్కడికీ పోదు.'

వచ్చిన బాటనే తిరిగి నడిచాము. కన్నడ పెద్దాయన కూడా తనవాళ్ళందరినీ వెనక్కి మళ్ళించాడు. సాయంత్రానికి పొగ పలచబడ్డాక బాట పక్కన కాలిన మేర కనిపించింది. నేల నల్లగా ఉన్నది, ఒక మొద్దు లోలోపల ఇంకా రగులుతున్నది. కాలిన తునికి మొక్క ఒకటి చూపి మా శ్రీమతి, 'ఇది మా అమ్మ చాటలోని ఆకే' అన్నది.

ఆ మాట నన్ను చాలా దూరం వెంటాడింది. మన దేశంలో కార్చిచ్చుల్లో నూటికి తొంభై పైగా మనిషి చేతి మంటలే అంటారు. ఇప్పపూలు ఏరడానికి నేల శుభ్రం కావాలని, పశువులకు కొత్త గడ్డి మొలవాలని, తునికికి లేత చిగురు రావాలని అడవుల్లో నిప్పు పెట్టేవారున్నారు. కొమ్మలు కొట్టినా చిగురు వస్తుంది, కాని దానికి కూలి పెట్టాలి, అగ్గిపుల్ల చవక. ఆ తునికాకే మా నిజామాబాదు జిల్లా ఇళ్ళలో కత్తెరకింద పడి బీడీ అవుతుంది. మా అత్తమ్మ ఆ చాట ఒడిలో పెట్టుకునే పిల్లలను చదివించింది. ఎవరో తాగి పారేసిన బీడీ ముక్క తిరిగి అడవిలో పడితే మళ్ళీ నిప్పు! ఆకు బయలుదేరిన చోటికే చేరుతుందన్నమాట.

ఈ కాలంలో ఉపగ్రహాలు 375 మీటర్ల మేర దాకా నేలను గళ్ళుగా చూసి మంట జాడ పసిగడుతున్నాయి. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఆ కబురు ఫోన్లకు పంపుతున్నది. కబురు ఆకాశం నుంచి వచ్చినా, ఆర్పేది మాత్రం పచ్చికొమ్మ పట్టుకున్న ఆ కాపలావాడే.

యాత్రకు వెళ్ళే పాఠకులకు కొన్ని సూచనలు. అటవీశాఖ అనుమతించిన రోజుల్లోనే, గుంపుతో కలిసి నడవండి. తడిగుడ్డ బూడిదను ఆపుతుంది గాని అసలు హాని చేసే రేణువులను ఆపలేదు. అవి రెండున్నర మైక్రాన్ల కన్నా చిన్నవి, తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ముఖానికి బిగువుగా అమరే ఎన్-95 మాస్కు సంచిలో ఉండాలి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు పొగ కనపడగానే మరలిపోవాలి. మంట కంటబడితే లోయలోకీ, గట్టు మీదికీ పరుగెత్తవద్దు. చెరువుగట్టుకో, గడ్డిలేని బయలుకో, అప్పటికే కాలి చల్లారిన నేలకో చేరుకోండి. దారిలో వంటకు పొయ్యి రాజేయకండి, బీడీ సిగరెట్ల జోలికి పోకండి.

మర్నాడు ఆత్మకూరులో బస్సెక్కి దోర్నాల మీదుగా శ్రీశైలం చేరాము. పసుపు అమ్మవారి సన్నిధికి చేరింది. ఇంటికి వచ్చాక మా అత్తమ్మ, 'సగం నడక బస్సుల చేస్తే మొక్కు చెల్లుతదా బిడ్డా?' అని అడిగింది. మా శ్రీమతి నవ్వి, 'పెద్దచెరువు నుంచి మఠంబావికి రెండుసార్లు నడిచినమమ్మా, పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి. లెక్క సరిపోయింది' అన్నది.