పాత స్పీకర్లు, కొత్త వైఫై: కొనేముందు చూడాల్సిన అంకెలు

తెనాలిలో ఏ వీధికి వెళ్లినా కొన్ని ఇళ్లలో పాత 5.1 హోమ్ థియేటర్ సెట్టో, అసెంబుల్డ్ ఆంప్లిఫయర్‌కు కట్టిన రెండు చెక్క బాక్సులో మూలన పడి ఉంటాయి. సీడీలు పోయాయి, పెన్‌డ్రైవులూ దాదాపు పోయాయి, పాటలన్నీ ఫోన్లోకి చేరాయి. దాంతో పాత సెట్టును సామాన్లవాడికి వేసేసి సౌండ్‌బార్ తెచ్చుకుంటున్నారు. కోన్ చిరగకుండా, దాని అంచున ఉండే రబ్బరో ఫోమో చిట్లకుండా ఉంటే ఆ బాక్సులకు వచ్చిన నష్టమేమీ లేదు. పాత సెట్టులో కాలం చెల్లింది పాట లోపలికి వెళ్లే దారికే. ఆ దారి మార్చడానికి ఏం కొనాలో, ఏం కొనక్కర్లేదో కొన్ని అంకెలు చెబుతాయి.

1: పోయే తీగ ఒక్కటే

వైర్‌లెస్ అనగానే తీగలన్నీ మాయమవుతాయనుకుంటాం. పోయేది ఫోనుకూ ఆంప్లిఫయర్‌కూ మధ్య తీగ ఒక్కటే. ఆంప్లిఫయర్‌కు కరెంటు కావాలి, దాని నుంచి స్పీకరుకు తీగ ఉండాల్సిందే.

కాబట్టి దారులు రెండు. ఆంప్లిఫయర్ బాగుంటే ఫోన్‌లోని పాటను వైఫై మీద అందుకునే స్ట్రీమర్ అనే చిన్న పెట్టెను దాని ఆక్స్ సాకెట్‌కు తగిలిస్తే చాలు. గూగుల్ 2015లో తెచ్చిన క్రోమ్‌కాస్ట్ ఆడియో చేసిన పని ఇదే. 2019లో దాన్ని ఆపేశారు గానీ అదే పని చేసే పెట్టెలు వేరే కంపెనీలవి దొరుకుతున్నాయి. ఆంప్లిఫయర్ పోయి స్పీకర్లే మిగిలితే వైఫై ఉన్న ఆంప్లిఫయర్ కొనాలి. వియమ్ ఆంప్, సోనోస్ ఆంప్ ఈ కోవలోవి.

5.1 సెట్టులో ఒక మెలిక ఉంది. ఆంప్లిఫయర్ వూఫర్ పెట్టెలోనే ఉంటుంది, చిన్న స్పీకర్లకు కరెంటు అక్కడి నుంచే వెళుతుంది. దాన్ని విడగొట్టకుండా వెనక ఉన్న ఆక్స్‌కే స్ట్రీమర్ పెట్టాలి.

1,380: ప్లగ్ పాయింట్ చెప్పే నిజం

షాపులో అడిగే మొదటి మాట "ఎన్ని వాట్లండీ?" అనే. అట్టపెట్టె మీద 10,000 వాట్లు అని ఉండొచ్చు. పక్కన పీఎంపీఓ అని, అంటే ఒక్క క్షణపు గరిష్ఠ లెక్క అని ఉంటే ఆ అంకెను పట్టించుకోనక్కర్లేదు. మన ఇంట్లో కరెంటు 230 వోల్టులు, మామూలు ప్లగ్ పాయింట్ 6 ఆంపియర్లు. రెండూ గుణిస్తే 1,380 వాట్లు. అంతకుమించి ఆ పాయింట్ ఇవ్వలేదు. 10,000 వాట్లు లాగాలంటే 43 ఆంపియర్లు కావాలి. చూడాల్సింది ఆర్‌ఎమ్‌ఎస్ అని, అంటే నిలకడగా ఇచ్చే వాట్లుగా రాసి ఉన్న అంకె. ఊళ్లో ఎందరో అసెంబుల్ చేయించుకున్న 4440 ఐసీ బోర్డు, రెండు చానెళ్లనూ కలిపి బ్రిడ్జ్ చేసినా, ఇచ్చేది దాదాపు 19 వాట్లు. ఇల్లు దద్దరిల్లడానికి అదే సరిపోయింది.

కారణం చెవి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. శబ్దం రెండింతలు అయినట్టు అనిపించాలంటే 10 డెసిబెల్స్, అంటే పది రెట్ల వాట్లు కావాలి. 8 ఓమ్‌ల స్పీకరుకు వియమ్ ఆంప్ 60 వాట్లు, సోనోస్ ఆంప్ 125 వాట్లు ఇస్తాయి. వాట్లలో రెండింతల తేడా ఉన్నా చెవికి తెలిసేది కొద్దిపాటి పెంపే.

8, 4, 2: ఆంప్లిఫయర్‌ను కాల్చే లెక్క

స్పీకరు వెనక ఓమ్‌ల అంకె చెరిగిపోయి ఉంటే మల్టీమీటరుతో కొలవొచ్చు. తీగలు విప్పి చూస్తే 8 ఓమ్‌ల స్పీకరుకు మీటరు 6 చుట్టుపక్కల చూపిస్తుంది, 4 ఓమ్‌ల దానికి 3 పైచిలుకు. ఒకే చానెల్‌కు 8 ఓమ్‌లవి రెండు సమాంతరంగా కలిపితే 4 అవుతుంది, చాలా ఆంప్లిఫయర్లు తట్టుకుంటాయి. 4 ఓమ్‌లవి రెండు కలిపితే 2 అవుతుంది. అక్కడ చాలా ఆంప్లిఫయర్లు ఆగిపోవచ్చు, కాలిపోనూవచ్చు. ఒకే స్పీకరుకు రెండు ఆంప్లిఫయర్ల తీగలు ఎప్పుడూ కలపకూడదు.

ప్లస్, మైనస్ గుర్తులు పోయాయా? 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ చాలు. తీగలను సెల్‌కు ఒక్క క్షణం తాకిస్తే కోన్ కదులుతుంది. బయటికి వస్తే సెల్ ప్లస్ తాకిన కొస స్పీకరు ప్లస్. ఒక స్పీకరు సరిగ్గా, ఇంకొకటి తిరగేసి కడితే రెండూ మోగుతాయి గానీ బేస్ పోతుంది.

తీగ విషయంలో పెద్ద ఖర్చు అక్కర్లేదు. 1 స్క్వేర్ ఎమ్ఎమ్ రాగి తీగను 10 మీటర్లు లాగితే రానూపోనూ 0.34 ఓమ్‌ల నిరోధం వస్తుంది. 8 ఓమ్‌ల స్పీకరుకు అది 4 శాతం. ఇంటి వైరింగ్‌కు వాడే 1.5 వైరు అయితే ఇంకా నయం.

80: గొంతుకూ వూఫర్‌కూ సరిహద్దు

వూఫర్‌కు సొంత కరెంటు తీగ ఉంటే ఆ వూఫర్‌ను కొత్త ఆంప్లిఫయర్ సబ్ అవుట్‌కు నేరుగా తగిలించవచ్చు. కరెంటు తీగ లేకుండా స్పీకరు టెర్మినల్స్ మాత్రమే ఉంటే దానికి విడిగా ఆంప్లిఫయర్ కావాలి.

తర్వాత క్రాసోవర్. ఏ హెర్ట్జ్ కింద శబ్దం వూఫర్‌కు వెళ్లాలో అది చెబుతుంది. సోనోస్ ఆంప్‌లో దీన్ని 50 నుంచి 110 దాకా మార్చుకోవచ్చు. మొదలు పెట్టాల్సింది 80 దగ్గర. మాట్లాడేటప్పుడు మగ గొంతు సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య మొదలవుతుంది. తెనాలి దగ్గర మోరంపూడిలో పుట్టి, ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిన నటుడు కొంగర జగ్గయ్య సినిమా పెట్టి చూడండి. క్రాసోవర్ 80 దగ్గర ఉంటే ఆ కంచు కంఠం ఎదురుగా ఉన్న బాక్సుల్లోంచి వస్తుంది. అంతకన్నా పైకి వెళ్లే వేరే ఆంప్లిఫయర్‌లో 150కి పెంచితే గొంతులోని కింది భాగం మూలనున్న వూఫర్‌లోకి జారిపోతుంది. 5.1 సెట్టులోని మూడంగుళాల స్పీకర్లకు మాత్రం అంత కిందికి వెళ్లే సత్తా లేదు, వాటికి 120 పైనే పెట్టక తప్పదు.

47, 56, 56: గది పాడే స్వరాలు

శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. దాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగిస్తే ఆ గది ఏ స్వరాన్ని పట్టుకుని మారుమోగుతుందో తెలుస్తుంది. మనకు అలవాటైన 10×12 అడుగుల గదిలో 12 అడుగుల వైపు 47 హెర్ట్జ్, 10 అడుగుల వైపు 56. శ్లాబు కూడా 10 అడుగుల ఎత్తునే ఉంటే మళ్లీ 56. ఆ రెండూ కలిసి ఒకే దరువును ఉబ్బిస్తాయి. వూఫర్‌ను మూలకు నెడితే అది ఇంకా పెరుగుతుంది. గోడ నుంచి ఒకటి రెండు అడుగులు జరిపి చూడటం ఖర్చులేని మందు.

6: మిల్లీసెకన్ల తగువు

80 హెర్ట్జ్ అల సగం తిరగడానికి 6 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలో శబ్దం రెండు మీటర్లు పోతుంది. అంటే వూఫర్ మిగతా స్పీకర్లకంటే రెండు మీటర్లు దూరంగా ఉంటే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వూఫర్ వెనక 0, 180 అని ఉండే ఫేజ్ స్విచ్ అందుకే. కూర్చునే చోటు నుంచి వింటూ బేస్ ఎటు ఎక్కువ వస్తే అటు ఉంచాలి.

టీవీకి బ్లూటూత్ పెడితే ఆలస్యం 100 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా ఉండొచ్చు, పెదవి కదిలాక మాట వస్తుంది. టీవీకి హెచ్‌డీఎమ్ఐ ఆర్క్ తీగే మేలు. పాటలకు వైఫై మంచిది: సీడీ పాటకు సెకనుకు 1,411 కిలోబిట్లు కావాలి, మామూలు బ్లూటూత్ దాదాపు 328 దగ్గర ఆగుతుంది. వైఫై నమ్ముకుంటే ఆంప్లిఫయర్‌తో పాటు రూటర్‌నూ ఇన్వర్టర్ మీద పెట్టుకోవాలి, లేదంటే కరెంటు పోయినప్పుడల్లా పాటా పోతుంది.

ఖర్చుకూ ఒక వరస ఉంది. ముందు ఓమ్‌లు కొలవాలి, తర్వాత వూఫర్ జరపాలి, ఆ పైన క్రాసోవర్, ఫేజ్ సర్దాలి. వీటికి పైసా కాదు. ఆంప్లిఫయర్ పనిచేస్తుంటే స్ట్రీమర్, పోయి ఉంటేనే కొత్త ఆంప్లిఫయర్ కొనాలి. ఇవన్నీ అయ్యాక కూడా వినబుద్ధి కాకపోతే అప్పుడు కొత్త బాక్సుల బేరం మొదలుపెట్టండి.